బండి దిగినవాళ్ళ గురించి రాసేటప్పుడు

చి. అమ్మాయికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం ఆదివారం పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చదివాను. కొరియా టీవీ ఆటల షో 'రన్నింగ్ మ్యాన్'లో ఇన్నేళ్లలో ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు అన్నది శ్రద్ధగా రాశావు. 2010 జూలై 11న సియోల్‌లో ఒక షాపింగ్ మాల్‌లో మొదలైన ఆట దగ్గర్నుంచి తేదీలన్నీ వరసగా ఉన్నాయి. కానీ చదవడం అయ్యాక నాకు ఎవరి మీదా బెంగ కలగలేదు. అందులో పదకొండేళ్లు ఆడిన లీ క్వాంగ్ సూ ఆఖరి ఎపిసోడ్ చూసిన రాత్రి హాస్టల్లో అన్నం తినలేకపోయానని నువ్వు ఫోన్లో చెప్పావు, గుర్తుందా? ఆ అమ్మాయి ఈ వ్యాసంలో ఎక్కడా లేదు. ఆమెను వెనక్కి పిలవడానికే ఈ ఉత్తరం.

ముందు ఒక మాట సంగతి. నీ వ్యాసం నిండా 'నిష్క్రమణ' అన్న మాటే ఉంది. నాటకం వేదికకు బాగుంటుంది గానీ ఇక్కడ బరువుగా ఉంది. ఇలాంటి షో నుంచి ఎవరైనా వెళ్లిపోతే కొరియా వాళ్ళు 'హాచా' అంటారు. బండి దిగడం అని దాని అర్థం. అక్కడ సిటీ బస్సు దిగేటప్పుడు కార్డు ఆనిస్తే మెషీన్ పలికేదీ అదే మాట. మా కూతురు ఈ సంగతి చెప్పిన రోజు నేను చాలాసేపు దాని గురించే ఆలోచించాను. ఒకరు దిగుతారు, బండి సాగుతుంది. దిగినవాణ్ణి కిటికీలోంచి కాసేపు చూస్తాం, మలుపు తిరిగాక కనపడడు. ఆ తర్వాత కథంతా బండిలో మిగిలినవాళ్లదే. నువ్వు మాత్రం దిగినవాళ్ళ వెనకాలే స్టేషన్ దాకా వెళ్లి, వాళ్ళ సినిమాలు, అవార్డులు చెప్పి వ్యాసం ముగించావు. నీ కళ్ళు బండిలోనే ఉంచు. నేను చెప్పాలనుకున్న ముఖ్యమైన సంగతి ఇదే.

నేను డైలీ సీరియళ్లకు చాలాకాలం మాటలు రాశాను. కోడలి పాత్ర వేసే అమ్మాయి మానేస్తే మేం పెద్దగా భయపడేవాళ్ళం కాదు. ఒక సోమవారం కొత్త ముఖం వచ్చేది, కింద 'ఇకపై ఈ పాత్రలో ఫలానావారు' అని స్క్రోలింగ్ పోయేది. అదే ఇల్లు, అదే అత్తగారు, అవే ఏడుపులు. పది రోజులు జనం సణిగేవాళ్ళు, తర్వాత అలవాటు పడేవాళ్ళు. పాత్ర కాగితం మీద ఉంది కాబట్టి ఎవరు వేసినా నడిచేది.

కొరియా వెరైటీ షోలకూ రచయితలు ఉంటారు. ఈ వారం ఆట ఏమిటి, ఎవరు ఏ జట్టు, దొంగ ఎవరు, అవన్నీ వాళ్ళు రాస్తారు. కానీ క్వాంగ్ సూని 'జిరాఫీ' చేసింది వాళ్ళు ఒక్కరే అనుకోకు. పొడుగ్గా ఉంటాడు, ఎక్కడ దాక్కున్నా తల కనిపిస్తుంది, జట్టులో ఉంటూనే జట్టును మోసం చేస్తాడు, చేసిన మోసం కూడా సరిగ్గా చేయలేక దొరికిపోతాడు. అదే జట్టులోని కిమ్ జోంగ్ కుక్ 'పులి'. ఆయన పులి కావడానికి పారిపోయే జిరాఫీ కావాలి. వారం వారం వీపు మీద పేరు చీటీలు లాక్కుంటూ, ఒకరి చేతిలో ఒకరు ఓడిపోతూ, ఆ ఇద్దరి మధ్య అది పెరిగింది. క్వాంగ్ సూ దిగాక ఆ జిరాఫీ పాత్రను ఇంకో నటుడికి ఇవ్వలేరు. కొత్త మనిషిని ఎంత పొడుగువాణ్ణి తెచ్చినా ఆ పదకొండేళ్ల మోసాలు అతని ఖాతాలో ఉండవు కదా.

అందుకే 'ఒక సభ్యుడు తగ్గాడు' అని రాస్తే లెక్క సరిపోదు. ఎనిమిదిమందిలో ఒకరు వెళ్తే ఏడుగురితో ఉన్న ఏడు తీగలూ తెగుతాయి. నువ్వు వాటిలో ఒక్క తీగను పట్టుకుని రాయి, చాలు.

ఏది పట్టుకోవాలని అడిగితే నేనైతే జీ సుక్ జిన్ వైపు చూస్తాను. ఆయన 1966లో పుట్టినవాడు, అందరికంటే పెద్ద. క్వాంగ్ సూ 1985లో పుట్టాడు. ఆ ఇద్దరినీ కలిపి 'ఈజీ బ్రదర్స్' అనేవాళ్ళు. కొరియా భాషలో లీ అన్న ఇంటిపేరును 'ఈ' అని పలుకుతారు. ఈ, జీ కలిపితే ఈజీ. ఆటలో ఇద్దరూ సులువుగా దొరికిపోతారు కాబట్టి పేరు అలా కూడా అతికింది. పంతొమ్మిదేళ్ల తేడా ఉన్న ఇద్దరు మనుషులు, మిగతావాళ్ళ బలం ముందు నిలవలేక ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. మధ్యలో ఒకరినొకరు అమ్ముకున్నారు కూడా. 2021 జూన్ 13 తర్వాత ఆ జంటలో పెద్దాయన ఒక్కడే మిగిలాడు. ఓడిపోతే ఇంతకుముందు ఇద్దరు నవ్వుల పాలయ్యేవాళ్ళు, ఇప్పుడు ఆయన ఒక్కడే. ఇదంతా నీకు నాకంటే బాగా తెలుసు. అయినా నీ వ్యాసంలో జీ సుక్ జిన్ పేరు ఒక్కసారే, అదీ మొదటి సభ్యుల పట్టికలో వచ్చింది.

వరసల సంగతి కూడా చూడు. ఇది తెలుగువాళ్ళకు వెంటనే అర్థమయ్యే విషయం. కొరియా వాళ్ళకు మనలాగే వయసు ముఖ్యం. పెద్దవాణ్ణి పేరు పెట్టి పిలవరు. మగవాడైతే అన్నను 'హ్యంగ్' అంటాడు, అక్కను 'నూనా' అంటాడు, అందరికంటే చిన్నవాడు 'మక్నే'. షో మొదట్లో ఉన్న సాంగ్ జూంగ్ కీ, క్వాంగ్ సూ ఒకే ఏడు పుట్టినవాళ్ళు. 2011లో జూంగ్ కీ దిగాక ఇంటి చిన్నవాడి చోటు క్వాంగ్ సూ ఒక్కడిదే అయింది. తిట్లు అతనికే, ముద్దూ అతనికే. 2017 ఏప్రిల్‌లో యాంగ్ సే చాన్, జియోన్ సో మిన్ వచ్చారు. ఇద్దరూ 1986లో పుట్టినవాళ్ళు. ఒక్క ఏడాది తేడా, అంతే. ఆ ఒక్క ఏడాదితో ఇన్నాళ్ళూ తమ్ముడిగా ఉన్నవాడు అన్న అయ్యాడు. మన ఇళ్లలో చిన్న మరిదికి పెళ్లై కొత్త కోడలు వచ్చిన రోజు గుర్తు తెచ్చుకో. అప్పటిదాకా చిన్న కోడలిగా ఉన్న పిల్ల ఒక్క పూటలో తోడికోడలై, కొత్తమ్మాయికి వంటిల్లు చూపిస్తుంది. కొత్త మనిషి వస్తే ఉన్నవాళ్ళ పేర్లే మారిపోతాయి. నువ్వు ఆ ఇద్దరి రాకను 'కొత్త ఉత్సాహం నింపారు' అన్న ఒక్క ముక్కలో దాటేశావు. అక్కడ రెండు పేరాలకు సరిపడా సరుకుంది.

జూంగ్ కీ గురించి నువ్వు రాసిన వాక్యం ఒకటి కొట్టేశాను. 'ఆ రోజు వెళ్లకపోతే ఇంత పెద్ద స్టార్ అయ్యేవాడు కాదు' అన్నావు. 2016లో అతనికి ఎంత పేరొచ్చిందో ఇవాళ మనకు తెలుసు. 2011లో అతను దిగిన ఎపిసోడ్‌లో నిలబడ్డ ఎవరికీ తెలియదు, అతనికీ తెలియదు. నటన మీద దృష్టి పెట్టాలని ఒక పాతికేళ్ల కుర్రాడు ఆదివారం షో వదిలేశాడు. ఆ రోజు దృష్టితోనే రాయి. ముందు జరగబోయేది అరువు తెచ్చి వేస్తే ఆ రోజు బాధ చిన్నదైపోతుంది.

కారణాల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పాత సభ్యుడు గ్యారీ 2016 నవంబరులో సంగీతం కోసమని వెళ్లాడు. క్వాంగ్ సూకి 2020లో కారు ప్రమాదంలో దెబ్బ తగిలింది, చికిత్స తీసుకుంటూనే షూటింగులు చేశాడు, ఒంటికి విశ్రాంతి కావాలని దిగాడు. సో మిన్ ఆరేళ్లు దాటాక, 2023 నవంబరులో, నటన మీద మనసు పెట్టాలని వెళ్లింది. వాళ్ళు చెప్పింది ఇంతే. నీ దగ్గర ఉన్నదీ ఇంతే ఉండాలి. 'లోపల గొడవలు జరిగాయని వినికిడి' అన్న వాక్యం తీసెయ్. వినికిడి మీద నిలబెట్టిన పేరా మనిషిని గాయపరుస్తుంది. వాళ్ళు సియోల్‌లో ఉన్నారు, తెలుగు చదవరు అని అనుకోవద్దు. చదవకపోయినా అది వాళ్ళ గురించే కదా.

ఇక 2016 డిసెంబరు. దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. షోను కొత్తగా మార్చాలని, దాన్ని వేసే ఎస్‌బీఎస్ ఛానెల్ అనుకుంది. డిసెంబరు 14న పేరున్న టీవీ హోస్ట్ కాంగ్ హో డాంగ్ వస్తున్నాడన్న వార్త, కిమ్ జోంగ్ కుక్, సాంగ్ జీ హ్యో వెళ్తున్నారన్న వార్త ఒకేరోజు బయటికొచ్చాయి. ఆరేళ్లకు పైగా పరుగెత్తిన ఆ ఇద్దరికీ సరిగ్గా మాట చెప్పకుండానే నిర్ణయం జరిగిపోయిందని తెలిసి జనం భగ్గుమన్నారు. కాంగ్ హో డాంగ్ రానన్నాడు. షో బృందం క్షమాపణ చెప్పింది. 2017 ఫిబ్రవరితో షో ఆపేస్తామన్నారు. చివరికి జనవరిలో, ఉన్న ఆరుగురితోనే కొనసాగుతుందని ప్రకటించారు. నువ్వు దీన్ని 'వివాదం' అని ఒక మాట వేసి వదిలేశావు.

నాకు ఆ మాట సరిపోలేదు, ఎందుకో చెప్తాను. ఒక సీరియల్‌కు మూడేళ్లు రాశాను. ఒకరోజు సాయంత్రం సీన్ పేపర్లు పట్టుకుని సెట్‌కు వెళ్తే నా కుర్చీలో వేరే కుర్రాడు కూర్చుని రాస్తున్నాడు. నాకు ఎవరూ చెప్పలేదు. టీ ఇచ్చే అబ్బాయి నన్ను చూసి తల దించుకున్నాడు, దాంతో నాకు అర్థమైంది. మార్చడం వాళ్ళ హక్కు, దాన్ని నేను ఇప్పటికీ కాదనను. ఆ చెప్పకపోవడం మాత్రం ఇన్నేళ్లయినా గుచ్చుకుంటుంది. అందుకే డిసెంబరు వార్త చదివినప్పుడు, షో బాగుపడాలంటే ఎవరుండాలి అన్న చర్చ నాకు పట్టలేదు. సాంగ్ జీ హ్యో ఫోన్ మోగిన క్షణం ఎలా ఉండి ఉంటుందా అనిపించింది. ఆ క్షణాన్ని ఊహించి రాయమనడం లేదు, మనకు తెలియనిది రాయకూడదు. కానీ దిగమని చెప్పే పద్ధతి ఒకటుంటుందని, దాన్ని తప్పితే జనం ఊరుకోలేదని నువ్వు గట్టిగా రాయాలి. నువ్వు వేరేగా అనుకుంటే అదీ గట్టిగానే రాయి. మధ్యలో నిలబడి 'వివాదం' అనకు.

దానికి పక్కనే క్వాంగ్ సూ వీడ్కోలు పెట్టి చూడు. నువ్వు అన్నం మానేసిన ఆ ఎపిసోడే. దుఃఖంగా కూర్చోబెట్టి పాటలు వేయలేదు వాళ్ళు. పదకొండేళ్లలో ఆటల్లో చేసిన నేరాలన్నీ లెక్కగట్టారు: మోసాలు, కొట్లాటలు, పగలగొట్టిన సామాన్లు. అన్నిటికీ కలిపి వెయ్యేళ్లు దాటిన జైలు శిక్ష వేశారు. అతను మంచివాడిగా సమాజంలోకి వెళ్లాలి కాబట్టి ఆ శిక్ష తగ్గించడమే మిగతావాళ్ళ ఆట. ఆ లెక్కకట్టడంలో ఎంత ప్రేమ ఉందో చూడు. ఎవరో కూర్చుని అతను చేసిన ప్రతి వెధవ పనినీ గుర్తుపెట్టుకుని రాసుకున్నారన్నమాట. 'నిన్ను మరిచిపోం' అని ఒక్కసారి కూడా అనకుండానే ఆ మాట చెప్పారు. వాళ్ళ భాష ఆట కాబట్టి ఆటతోనే సాగనంపారు. రచయితగా నాకు అసూయ కలిగిన చోటు ఇది. నీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలని నా కోరిక. 2010 జూలైతో మొదలుపెట్టకు.

కొత్తవాళ్ళ మీద దయగా ఉండు. సో మిన్ వచ్చినప్పటి నుంచి కొందరు ఆమెను ఎంత మాటలన్నారో నీకు తెలుసు. పాతవాళ్ళ మీద ప్రేమ అనుకుని అన్నారు. ఏడేళ్లుగా కలిసి తిని తిరిగినవాళ్ళ మధ్యకు ఒక మనిషి వచ్చి, మొదటి రోజే నవ్వించాలి. ఎంత టెన్షనో ఆలోచించు. 2024లో షో ఒక కొత్త పద్ధతి పెట్టింది: కాంగ్ హూన్‌ను 'అద్దె సభ్యుడు' అని పిలిచి తెచ్చుకున్నారు, కొన్ని నెలలుండి వెళ్లాడు. జీ యే యున్ కూడా ఆ దారినే వచ్చింది. దీన్ని నువ్వు 'ప్రయోగం' అన్నావు. నాకైతే 2016 దెబ్బ తగిలిన ఇంటివాళ్ళు తలుపు కొంచెంగా తీసి చూడటంలా అనిపిస్తుంది. వచ్చినవాడికీ మేలే, వెళ్లేటప్పుడు గుండెలు పగలవు.

ఇంకో షో నుంచి ఒక్క సంగతి చెప్తాను. కేబీఎస్ అనే ఇంకో కొరియా ఛానెల్లో 'టూ డేస్ వన్ నైట్' ఉంది కదా, ఊళ్ళు తిరిగి ఒక రాత్రి గడిపి వచ్చేది. నటుడు కిమ్ జూ హ్యుక్ 2013 చివర మూడో సీజన్‌తో అందులో చేరి, రెండేళ్లకు దిగిపోయాడు. 2017 అక్టోబరు 30న కారు ప్రమాదంలో పోయాడు. ఆ నవంబరు 5న షో అతని జ్ఞాపకంగా ప్రత్యేక ఎపిసోడ్ వేసింది. షో వదిలి రెండేళ్లైన మనిషి. అయినా వాళ్ళు అతన్ని తమ మనిషిగానే సాగనంపారు. దిగినవాళ్ళ గురించి హేళనగా ఏదైనా రాయాలని చెయ్యి లాగినప్పుడు నేను ఇది గుర్తు చేసుకుంటాను.

ఇప్పుడు చేయాల్సిన పని. పాత డ్రాఫ్ట్ పక్కన పెట్టు, చించకు, తేదీలు పనికొస్తాయి. 2021 జూన్ 13 నాటి వీడ్కోలు ఎపిసోడ్, జూన్ 20 నాటి దాని తర్వాతి ఎపిసోడ్ వెంటవెంటనే చూడు. రెండోదాన్ని రెండుసార్లు చూడు, రెండోసారి సబ్‌టైటిల్స్ ఆపేసి. మాటలు వద్దు, మొదట్లో అందరూ వరసగా నిలబడతారు చూడు, అక్కడ జీ సుక్ జిన్‌ను మాత్రమే చూడు. పక్కన ఎవరున్నారు, ఓడిపోయినప్పుడు ఎవరి వైపు తిరిగాడు, అన్నీ ఒక కాగితం మీద రాసుకో. అక్కడ నాకు కనిపించింది నేను చెప్పను. నీకు కనిపించింది ఒక పేజీకి మించకుండా రాసి పంపు. వచ్చే ఆదివారం ఇంట్లోనే ఉంటాను, చదువుతాను.

నీ మేలు కోరే,
బాబాయి