బోరు నీటిలో యురేనియం: మరిగిస్తే పోతుందా?

ప్రశ్న: మాది కడప జిల్లా. మా బోరు నీటిలో లీటరుకు 48 మైక్రోగ్రాముల యురేనియం ఉందని పరీక్షలో తేలింది. కాచి తాగితే సరిపోతుందా? క్యాన్సర్ వస్తుందేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: కాచినందువల్ల యురేనియం పోదమ్మా. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ గిన్నెలో మిగిలిన నీటిలో దాని గాఢత కాస్త పెరుగుతుంది కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు కాబట్టి, ఈ నీటిని తాగడానికీ వంటకూ వాడకపోవడమే మంచిది.

క్యాన్సర్ గురించి మీ భయం సహజమే గానీ, సహజ యురేనియం రేడియోధార్మికత చాలా స్వల్పం. అసలు ఆందోళన అది భారలోహంగా మూత్రపిండాలకు చేసే హాని గురించే. మింగిన దానిలో చాలా భాగం మలంలోనే పోతుంది. రక్తంలో కలిసిన కొద్దిపాటి యురేనియం మూత్రపిండాల గుండా బయటికి పోతూ, వడపోసిన ద్రవం నుంచి అవసరమైన పదార్థాలను తిరిగి పీల్చుకునే సన్నని నాళికలను దెబ్బతీయగలదు. ఇది ఒక్కరోజులో జరిగేది కాదు, ఏళ్ల తరబడి తాగడాన్ని బట్టి ఉంటుంది.

సరిగ్గా పనిచేసే ఆర్‌ఓ యంత్రం యురేనియాన్ని చాలావరకు తొలగిస్తుంది. అయితే వడకట్టిన నీటిని కూడా ఒకసారి పరీక్ష చేయించండి. పసిబిడ్డకు ఈ బోరు నీటితో డబ్బాపాలు కలుపుతుంటే ఈ రోజే మానేయండి. స్నానానికీ బట్టలకూ బోరు నీరు నిశ్చింతగా వాడవచ్చు. ఇంట్లో మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి మాత్రం మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష తప్పక చేయించండి.