జైలు కథలు, జబ్బు కథలు చదివే బిడ్డకు ఏ చదువు?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. నీట్ పుస్తకాలు పక్కన పెట్టి, చెయ్యని నేరానికి జైల్లో మగ్గినవాళ్లవి, క్యాన్సర్‌తో కొట్లాడినవాళ్లవి జీవిత కథలు చదువుతుంది. అడిగితే ‘ఇట్లాంటోళ్లకు పనికొచ్చే పని చేస్తా’ అంటది. అట్లాంటి చదువు ఉన్నదా సార్?

జవాబు: ఉన్నదండి. లా ఒకటి, వైద్య సామాజిక సేవ ఇంకొకటి. ఆ పుస్తకాలు లాక్కోకండి, ఏ దారి ఆమెదో అవే చెబుతాయి.

జైలు కథ చదివేటప్పుడు పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకొమ్మనండి. అరెస్టు, మేజిస్ట్రేటు ముందు హాజరు, చార్జిషీటు, బెయిలు దరఖాస్తు: ఈ నాలుగు తేదీలు అందులో రాయాలి. అరెస్టు చేసిన 24 గంటల్లో, ప్రయాణ సమయం పోను, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. మొదటి రిమాండు (మేజిస్ట్రేటు కస్టడీకి పంపిన రోజు) నుంచి లెక్కపెడితే, పదేళ్లు ఆపైన శిక్ష పడే నేరాలకు 90 రోజుల్లో, మిగతావాటికి 60 రోజుల్లో చార్జిషీటు పడాలి. ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) కేసుల్లో కోర్టు 180 రోజుల దాకా పొడిగించవచ్చు. గడువు దాటితే బెయిలు హక్కవుతుంది. కానీ చార్జిషీటు పడేలోపే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆలస్యమైతే ఆ హక్కు చేజారుతుంది. పేదవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే, ఆ ఒక్క కాగితం రాసిపెట్టే మనిషి లేక. ఈ లెక్క తప్పిన చోట మీ బిడ్డ ఆగి, పేజీలు వెనక్కి తిప్పి తేదీలు వెతికిందంటే, ఆమెకు లా సరిపోతుంది.

జబ్బు కథలో ఆమె మందుల దగ్గర ఆగితే నర్సింగైనా, నీట్ అయినా ఆలోచించండి. ‘ఆస్పత్రి ఖర్చుకు ఏం అమ్ముకున్నరు, ఇంట్ల ఎవరు చూసుకున్నరు’ అని అడిగితే అది సామాజిక సేవ. ఏదైనా డిగ్రీ చేసి, పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఉస్మానియా వంటి చోట ఎంఎస్‌డబ్ల్యూ (సామాజిక సేవలో పీజీ) చేయవచ్చు. ఆరోగ్యశ్రీ కాగితాలు, వికలాంగ సర్టిఫికెట్ పనులు, చివరి దశలో ఉన్న రోగి ఇంటివాళ్లకు ధైర్యం చెప్పడం ఆ ఉద్యోగంలో ఉంటాయి. ఫ్లోరైడ్‌తో కాళ్లూ నడుమూ వంగిన మనుషులను చూస్తూ పెరిగిన మన మర్రిగూడ, నాంపల్లి వైపు పిల్లలకు ఈ పని కొత్తగా అనిపించదు.

లాకు బైపీసీ అడ్డం కాదు. ఐదేళ్ల కోర్సుకు ఇంటర్‌లో ఓసీలకు 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులుండాలి. రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష లాసెట్‌లో 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. సగం ప్రశ్నలు న్యాయశాస్త్ర అభిరుచి మీదే. ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటాయి, తప్పు రాస్తే మార్కు కోయరు. శామీర్‌పేటలోని లా యూనివర్సిటీ నల్సార్ కావాలంటే దేశమంతటికీ జరిగే ప్రవేశ పరీక్ష క్లాట్ రాయాలి. అదీ 120 ప్రశ్నలే, కానీ రెండు గంటలు, మొత్తం ఇంగ్లీషు, తప్పుకు పావు మార్కు పోతుంది. పెద్ద పేరాలు ఇచ్చి వాటిలోంచే అడుగుతారు కాబట్టి రోజూ చదివే అలవాటున్న పిల్లలకు అనుకూలం. క్లాట్ డిసెంబర్‌లో జరుగుతుంది. ‘ఇంటర్ ఫలితాలు రానీ, చూద్దాం’ అని కూర్చున్న ఇళ్లలో ఏడాది పోవడం దీనివల్లే.

లా అయ్యాక బార్ కౌన్సిల్‌లో నమోదుకు 750 రూపాయలే, ఎస్సీ, ఎస్టీలకు 125. అంతకుమించి వసూలు చేయకూడదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. తొలి రెండు మూడేళ్లు సీనియర్ దగ్గర ఆదాయం తక్కువే, దానికి ఇంట్లో ముందే సిద్ధపడండి. ఈమె కోరుకున్న పని మాత్రం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దొరుకుతుంది. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి.

పరీక్షలు అయినంక ఏప్రిల్‌లో ఒకరోజు ఆమెను నల్లగొండ జిల్లా కోర్టుకు తీసుకుపోండి. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాలు) వంటి కేసులు తప్ప విచారణ ఎవరైనా కూర్చొని వినవచ్చు. ఆ నోటుబుక్కు వెంట ఉంచండి.