3.3తో ఎక్కడొస్తుందని అడిగావు కదా

తమ్ముడూ,

మీ అబ్బాయి జీపీఏ (హైస్కూలు గ్రేడ్ల సగటు) 3.3, ఏ కాలేజీలో సీటొస్తుందక్కా అని ఫోన్లో అడిగావు. ఆ ప్రశ్నలో ఇంకా ఎంసెట్ వాసన పోలేదురా. అక్కడ మనకి ర్యాంకొకటి చేతికొస్తే, కిందటేడు ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఎంత ర్యాంకు దాకా వెళ్లిందో చూసుకుంటే సరిపోయేది. ఇక్కడ అమెరికాలో ఒక్కో కాలేజీది ఒక్కో లెక్క. 3.3కి ఏమొస్తుందని కాకుండా, ఫలానా కాలేజీ, ఫలానా మేజర్ (ప్రధానంగా చదివే సబ్జెక్టు) అయితే వాళ్లు ఏం చూస్తారని అడగడం మొదలుపెట్టు.

ముందు ఆ 3.3 ఏ రకందో తేల్చు. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్), ఆనర్స్ లాంటి కష్టమైన క్లాసులకిచ్చే అదనపు పాయింట్లు కలిపాక వచ్చిందా, కలపకముందుదా? మన టెక్సస్‌లోనే ఒక స్కూల్ డిస్ట్రిక్టు లెక్క ఇంకోదానితో కలవదు. అందుకే చాలా కాలేజీలు ట్రాన్‌స్క్రిప్టు (స్కూలిచ్చే గ్రేడ్ల పట్టిక) ముందేసుకుని తమ పద్ధతిలో మళ్లీ లెక్కేసుకుంటాయి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లైతే (యూసీలంటారు) తొమ్మిదో తరగతి గ్రేడ్లు జీపీఏలో కలపవు, ఎస్ఏటీ అనే ప్రవేశ పరీక్ష స్కోరు అసలే చూడవు. తొమ్మిదిలో తడబడి తర్వాత నిలదొక్కుకున్న వీడిలాంటి వాడికి అది కొంత నయం. (బయటి రాష్ట్రాల పిల్లలకి కనీసం 3.4 ఉండాలంటాయి, ఫీజు వింటే గూబ గుయ్యిమంటుంది, అది వేరే సంగతి.)

ఇంటి దగ్గర సంగతి చెప్తాను. 1997లో వచ్చిన చట్టం ప్రకారం టెక్సస్ పబ్లిక్ యూనివర్సిటీల్లో క్లాసులో మొదటి 10 శాతంలో ఉన్నవాళ్లకి సీటు ఖాయం. యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) ఒక్కదానికి మినహాయింపు ఉంది, 2026 ఫాల్ సెమిస్టర్ నుంచి అక్కడ 5 శాతమే. ఆ సీటు కూడా యూనివర్సిటీలోకే, కోరిన మేజర్‌లోకి కాదు. పోటీ ఎక్కువుండే మన డాలస్ పక్క ఫ్రిస్కో, ప్లేనో స్కూళ్లలో 3.3తో ఆ గీత లోపలికి రావడం కష్టం. ఆస్టిన్ కంప్యూటర్ సైన్స్‌కి అప్లై చెయ్యనీ, కాదనను. కానీ మీ లెక్కల్లోకి దాన్ని రానివ్వకండి.

ఇప్పుడు అసలు పని. కాలేజీ పేరు పక్కన ‘కామన్ డేటా సెట్’ అని కొట్టి వెతుకు. చాలా కాలేజీలు ఏటా ఒకే నమూనాలో పెట్టే పత్రం అది. గ్రేడ్లకి, ఎస్ఏటీకి, వ్యాసానికి దేనికెంత విలువిస్తారో అందులో సీ7 అనే భాగంలో వాళ్లే చెప్తారు. సీ11లో చేరిన పిల్లల జీపీఏలు శాతాల్లో ఉంటాయి. అందులో 3.25 నుంచి 3.49 గడి చూడు. అక్కడ రెండు శాతమే ఉంటే, ఆ రెండులో ఆటల్లో కాలేజీ జట్టుకి ఎంపికైనవాళ్లు కూడా ఉంటారు, మనవాడికి మిగిలేది తక్కువ. ఇరవై శాతం ఉంటే వీడిలాంటి పిల్లలు అక్కడ మామూలే అన్నమాట. కొన్ని కాలేజీలు ఆ గడులు ఖాళీగా వదిలేస్తాయి, అది కూడా గమనించు. ఎస్ఏటీ ఐచ్ఛికమైన చోట సీ9లో కనపడే స్కోర్లు పంపినవాళ్లవే, తక్కువొచ్చినవాళ్లు పంపరు. ఆ అంకెలు చూసి బెంబేలెత్తకు.

దీనికన్నా పనికొచ్చేది వాడి స్కూల్లోనే ఉండొచ్చు. నావియన్స్ (స్కూళ్లు వాడే కాలేజీ సమాచార వెబ్‌సైటు) గానీ అలాంటిది గానీ ఉంటే, అదే స్కూల్ నుంచి గత ఏళ్లలో ఎవరు ఏ జీపీఏ, ఏ స్కోరుతో ఏ కాలేజీలో తీసుకోబడ్డారో, ఎవరికి సీటు రాలేదో పేర్లు లేకుండా గ్రాఫు మీద చుక్కల్లో చూపిస్తుంది. వాట్సాప్ గ్రూపులో ‘మా వాడికి 3.2తో వచ్చింది’ అనే కబుర్ల కన్నా ఆ చుక్కలు నయం. ఆ వాడు ఏ మేజర్‌కి వెళ్లాడో గ్రూపులో ఎవరూ చెప్పరు!

మేజర్ మాట ఎందుకంటున్నానంటే, కాలేజీ మొత్తానికి సగం మందిని తీసుకున్నా కంప్యూటర్ సైన్స్‌కి అందులో నాలుగో వంతు కూడా తీసుకోకపోవచ్చు. వేరేదాంట్లో చేరి లోపల మారొచ్చులే అనే ధైర్యం చాలాచోట్ల చెల్లదు. మారడానికి నియమాలేమిటో అప్లై చెయ్యకముందే చదవండి.

సీటు ఖాయమనుకునేవి రెండైనా ఉండాలి. అరిజోనా స్టేట్ లాంటివి, నిర్ణీత సబ్జెక్టుల్లో 3.0 ఉంటే తీసుకుంటామని వెబ్‌సైట్లోనే రాసి పెడతాయి. కానీ అక్కడ ఫీజు కట్టగలవా? కట్టలేకపోతే అది ఖాయం కిందకి రాదు. సాయం పోను మీరు కట్టాల్సింది అంచనా వేసే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ కాలేజీ వెబ్‌సైట్లో ఉంటుంది, అందులో మీ ఆదాయం వేసి చూసుకో.

కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ల స్థానిక కాలేజీ) అంటే మరదలు మొహం మాడ్చుకుంటుందని తెలుసు. అయినా చెప్తా. మన దగ్గరి కాలిన్ కాలేజీలో 42 క్రెడిట్ అవర్ల కోర్ (అందరికీ ఉండే ప్రాథమిక కోర్సులు) పూర్తిచేస్తే, టెక్సస్ పబ్లిక్ యూనివర్సిటీ ఏదైనా దాన్ని ఒప్పుకోవాల్సిందే. రెండేళ్లు అక్కడ బాగా చదివి ట్రాన్స్‌ఫర్‌కి వెళ్తే చూసేది ముఖ్యంగా కాలేజీ గ్రేడ్లనే. మేజర్‌కి కావలసిన లెక్కల కోర్సులు మాత్రం ముందే కనుక్కుని తీసుకోవాలి.

ట్రాన్‌స్క్రిప్టు, ఎస్ఏటీ స్కోరు, వాడికి నచ్చిన కాలేజీల పేర్లు నాకు పంపించు. శనివారం కూర్చుని సీ7, సీ11 తీసి ఒక్కోటీ చూద్దాం. వాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టు.

మీ అక్క