రాత్రి 2 దాకా చదువు, పొద్దున నిద్రమత్తు

ప్రశ్న: మా బాబు పదో తరగతి. పరీక్షలు రెండు వారాల్లో ఉన్నాయి. రాత్రి 2 దాకా చదివి 8కి లేస్తాడు. ప్రీఫైనల్ లెక్కల్లో టైం చాలక రెండు ప్రశ్నలు వదిలేశాడు. గట్టిగా చెప్పాలా, వదిలేయాలా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మందలింపు వద్దమ్మా, ముందు నిద్ర సరిచేయండి. ఈ వయసులో నిద్ర ఆలస్యంగా పట్టడం సహజం, అది బద్ధకం కాదు. అయితే పరీక్ష ఉదయం 9:30కి. ఉన్నట్టుండి 10కే పడుకోమంటే మంచం మీద దొర్లుతాడంతే. లేచే టైమునే రోజుకు అరగంట ముందుకు జరపండి. నాలుగు రోజుల్లో 6కి వస్తాడు. లేవగానే పది నిమిషాలు వెలుతుర్లో నిలబెట్టండి. సాయంత్రం 4 తర్వాత టీ, కాఫీ వద్దు, వాటి ప్రభావం గంటల తరబడి ఉంటుంది. ఫోన్ మీ గదిలో ఛార్జింగ్ పెట్టండి.

ప్రశ్నలు వదిలేయడానికి చాలాసార్లు కారణం రాసే అలవాటు లేకపోవడమే. చూసి చదివితే వచ్చినట్టే ఉంటుంది, పెన్ను పట్టాక ఆగిపోతుంది. రోజు విడిచి రోజు సరిగ్గా 9:30కి పాత పేపరు పూర్తిగా రాయించండి. లెక్క ఎక్కడైనా చిక్కుకుంటే అర పేజీ వదిలి ముందుకెళ్లాలి.

పరీక్ష రోజు ఇడ్లీయో ఉప్మానో చాలు, పూరీలు వద్దు. ఇంటికొచ్చాక మార్కులు లెక్కేయించకండి, తర్వాతి పేపరు దెబ్బతింటుంది. తప్పినా సప్లిమెంటరీ ఉంటుందని ఇప్పుడే చెప్పండి. "నేను బతికి దండగ" లాంటి మాట వింటే మాత్రం ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.