కంప్యూటర్ క్యాబినెట్ మోత గురించి చిన్నీకి

చిన్నీ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్లో మాట్లాడుతుంటే వెనక నుంచి నీ కంప్యూటర్ గుయ్యిమనే ఆ మోత నాకే వినిపించింది. కాసేపు పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది. దానికి తోడు తెల్లవార్లూ దాని లైట్ల రంగులు గోడ మీద తిరుగుతుంటే నాయనమ్మకి నిద్ర పట్టట్లేదన్నావు. విసుగొచ్చి కొత్త ఫ్యాన్లు ఆర్డర్ పెట్టేస్తానన్నావు. అప్పుడే పెట్టకు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఇన్నేళ్లుగా కంప్యూటర్లు బాగుచేసే పనే చేస్తున్నాను. మోత అంటూ నా బల్ల మీదికొచ్చిన మెషీన్లలో చాలావాటికి కొత్త ఫ్యాన్ అవసరమే పడలేదు.

ముందు ఆ మోత ఏ రకమో చెవి పెట్టి విను. టిక్ టిక్ మని ఒకే లయలో కొడుతుంటే ఏదో వైరు రెక్కకి తగులుతున్నట్టు. ఆన్ చేయగానే గరగరమని, కాస్త వేడెక్కాక సద్దుమణిగితే బేరింగ్ అరిగింది. బుడబుడమంటే ప్రాసెసర్‌ని నీళ్లతో చల్లబరిచే వాటర్ కూలర్లో గాలి చేరింది. త్రీడీ బొమ్మ తిప్పుతున్నప్పుడు మాత్రమే సన్నగా కీచుమంటే అది సాధారణంగా ఫ్యాన్ కాదు, గ్రాఫిక్స్ కార్డులోని కాయిల్ చప్పుడు. దానికి ఫ్యాన్ మార్చి లాభం లేదు.

నీది పెరిగి తగ్గే రకం. ఇందులో ఫ్యాన్ తప్పేం లేదు, దానికి వస్తున్న ఆర్డర్లే అలా ఉన్నాయి. ఇప్పటి ప్రాసెసర్లు బ్రౌజర్ తెరిచినా చాలు, క్షణంలో పదిహేను ఇరవై డిగ్రీలు ఎగిరి మళ్లీ దిగిపోతాయి. ఫ్యాన్ ఆ వేడి వెంటే పరిగెడుతుంది. మెషీన్ ఆన్ అవుతుండగా డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగ్స్ తెరలోకి వెళ్లు. కొన్ని కంపెనీలకి ఎఫ్10 ఉంటుంది. అక్కడ ఫ్యాన్ కర్వ్, అంటే ఎంత వేడికి ఎంత స్పీడో చూపే గీత కనిపిస్తే 60 డిగ్రీల దాకా గీతని కిందే సమంగా ఉంచి, ఆ పైన మెల్లగా లేపు. స్టెప్ అప్ టైమ్ అని ఉంటే నాలుగైదు సెకన్లు పెట్టు. అంటే ఒక్క క్షణం వేడికి ఫ్యాన్ ఉలిక్కిపడదు, నిజంగా వేడెక్కితేనే లేస్తుంది. రెడీమేడ్ మెషీన్లలో ఈ కర్వ్‌ని దాచేసేవాళ్లూ ఉన్నారు. నీకు కనిపించకపోతే కంపెనీవాళ్లు ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో క్వైట్, బ్యాలెన్స్‌డ్ లాంటి మోడ్ ఉంటుంది, అది మార్చు.

ఒకటి మాత్రం గుర్తుంచుకో. మీ విజయవాడ మే నెలలో గదే నలభై డిగ్రీలుంటే లోపల ఇంకా ఎక్కువే ఉంటుంది. అప్పుడు ఫ్యాన్లు గట్టిగా తిరగాల్సిందే. ఆ మోతని నొక్కేయకు.

ఎప్పుడు చూసినా ఒకే ఫుల్ స్పీడ్‌లో తిరిగే ఫ్యాన్ కూడా ఉందేమో చూడు. దాని వైరు చివర ఎన్ని రంధ్రాలున్నాయో లెక్కపెట్టు. నాలుగుంటే మదర్‌బోర్డు నాలుగో వైరు ద్వారా స్పీడ్ చెబుతుంది, దాన్నే పీడబ్ల్యూఎం అంటారు. మూడే ఉంటే వోల్టేజీ తగ్గించి నెమ్మది చేయాలి, అది డీసీ పద్ధతి. మూడు రంధ్రాల ఫ్యాన్ పెట్టి బయోస్‌లో పీడబ్ల్యూఎం అని వదిలేస్తే అది ఆగకుండా దంచుతుంది. డీసీ అని మార్చగానే దారికొస్తుంది. ఫ్యాన్లన్నీ ఒక చిన్న హబ్‌కి కలిపి ఉంటే, ఆ హబ్ నుంచి మదర్‌బోర్డుకి వెళ్లాల్సిన సన్న వైరు ఊడిందేమో చూడు. కొరియర్‌లో కుదుపులకి అది ఊడిపోవడం నేను చాలాసార్లు చూశాను.

విప్పే ముందు వారంటీ కాగితం చదువు. పక్క ప్యానెల్ మీద సీల్ ఉంటే ముందు కంపెనీకి ఫోన్ చెయ్యి. సరే అంటే షట్‌డౌన్ చేసి, వెనక ఎస్ఎంపీఎస్ (మెషీన్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) స్విచ్ కట్టేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టు. క్యాబినెట్ ఇనుముని ఒకసారి ముట్టుకుని అప్పుడు లోపల చెయ్యి పెట్టు. ఎస్ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పకు. ప్లగ్ పీకినా అందులో కరెంటు నిలిచి ఉంటుంది.

మోత చేస్తున్నది ఏ ఫ్యానో పట్టుకోవడానికి నేను టిష్యూ రోల్ లోపలుండే అట్టగొట్టం వాడతాను. ప్యానెల్ తీసి మెషీన్ ఆన్ చేసి, గొట్టం ఒక చివర చెవికి ఆనించి, రెండో చివర ఒక్కో ఫ్యాన్ దగ్గరికి తీసుకెళ్లు. జుట్టు ముడేసుకో, చున్నీ పక్కన పెట్టు. అప్పటికీ తేలకపోతే ఆఫ్ చేసి ఒక క్యాబినెట్ ఫ్యాన్ వైరు పీకి, మళ్లీ ఆన్ చేసి విను. ప్రాసెసర్ మీదున్న ఫ్యాన్ జోలికి వెళ్లకు.

పోయిన వారం ఒకాయన మెషీన్ తెచ్చాడు. రెండు ఫ్యాన్లు మార్పించినా టిక్ టిక్ పోలేదట. ప్యానెల్ తీసి టార్చ్ వేస్తే, కేబుల్ టై కొస అర అంగుళం పొడుగ్గా వదిలేసి ఉంది. గాలికి వంగి రెక్కని గీరుతోంది. తెల్లటి గీత కూడా పడింది రెక్క మీద. కటింగ్ ప్లేయర్‌తో ఆ కొస తుంచాను. అంతే. ఆయన రెండు ఫ్యాన్ల డబ్బు తలుచుకుంటే నాకే బాధేసింది.

క్యాబినెట్ ముందువైపు జాలీ కూడా విప్పి చూడు. అది తీయగానే మోత తగ్గిందంటే ఫ్యాన్‌కి గాలి ఆడట్లేదు. మీ ఇంట్లో టేబుల్ దేవుడి గూటి పక్కనే కదా. అగరొత్తుల పొగ, దీపం నూనె కలిసి దుమ్ము జిగటగా పట్టేస్తుంది, ఉత్త బ్లోయర్‌కి పోదు. దుమ్ము ఆపే ఫిల్టర్‌ని సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరాక పెట్టు. ఫ్యాన్ రెక్కలని బ్రష్‌తో తుడువు. బ్లోయర్ కొట్టేటప్పుడు రెక్కని వేలితో కదలకుండా పట్టుకో. వదిలేస్తే రయ్యిమని తిరిగి బేరింగ్ పాడవుతుంది, అదే డైనమోలా కరెంటు పుట్టించి బోర్డు మీదికి పంపే ప్రమాదమూ ఉంది.

ఇక లైట్లు. ఇందులో నీకు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే, వాటి వైర్లు మార్చి గుచ్చకు. ఒక రకం 12 వోల్టులది, నాలుగు పిన్నులు, అన్నీ ఒకే రంగులో వెలుగుతాయి. ఇంకో రకం 5 వోల్టులది, మూడు పిన్నులు, ఒక్కో బల్బుకి ఒక్కో రంగు. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకసారి కరెంటు పోయిన చీకట్లో, ఎదురుగా కస్టమర్ తొందరపెడుతుంటే, 5 వోల్టుల వైరుని 12లోకి గట్టిగా తోసేశాను. కరెంటొచ్చి ఆన్ చేయగానే కమురు వాసన. మూడు ఫ్యాన్ల లైట్లూ పోయాయి, నా డబ్బుతో కొనిచ్చాను. బోర్డు మీద ఆ పిన్నుల పక్కన రాసిన అక్షరాలు చదవకుండా ఏదీ పెట్టకు.

నువ్వు చెప్పినట్టు రంగు మార్చినా మళ్లీ పాత రంగుకే వస్తోందంటే, రెండు సాఫ్ట్‌వేర్లు కొట్టుకుంటున్నాయి. ఒకటి తీసెయ్. విండోస్ 11లో సెట్టింగ్స్, పర్సనలైజేషన్ కింద డైనమిక్ లైటింగ్ అని ఉంటుంది, అదీ ఒకసారి ఆపి చూడు. క్యాబినెట్ పైన చిన్న బటన్ ఉందా? చాలావాటిలో అది కాసేపు నొక్కి పట్టుకుంటే లైట్లు ఆరిపోతాయి. షట్‌డౌన్ చేసినా వెలుగుతుంటే బయోస్‌లో ఈఆర్‌పీ అనే కరెంటు ఆదా సెట్టింగ్ ఎనేబుల్ చెయ్యి. ఒక ఫ్యాన్ తిరుగుతూ లైటు మాత్రం రాకపోతే దాని ముందున్న ఫ్యాన్ నుంచి వచ్చే వైరు చూడు. వరసగా కలిపి ఉంటే సంకేతం ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్తుంది. ఎక్కడ తెగిందో అక్కడి నుంచి అన్నీ చీకటే.

ఇవన్నీ చూశాక బేరింగే పోయిందని తేలితే అప్పుడు కొందాం. ఫ్యాన్‌ని అంచు నుంచి అంచుకి కొలిచి చూడు, 120 మిల్లీమీటర్లు కావచ్చు. వైరు చివర ఫొటో తీసి పంపు. కొన్ని కంపెనీలు వాళ్ల సొంత పిన్నులు పెడతారు, బజారు ఫ్యాన్ వాటికి ఎక్కదు.

ఈ రాత్రికి లైట్లు ఆపేసి నాయనమ్మని పడుకోనివ్వు. ఆదివారం పొద్దున పదింటికి వీడియో కాల్ చెయ్యి, స్టార్ స్క్రూడ్రైవర్, టార్చ్ దగ్గర పెట్టుకో. స్క్రూలు వేసుకోవడానికి ఒక స్టీలు గిన్నె కూడా.

మీ బాబాయ్