ములుగు, ఏటూరునాగారం అడవుల రక్షణకు డిజిటల్ పరికరాలు నిజంగా పనికొస్తాయా?

పనికొస్తాయి, ముఖ్యంగా కార్చిచ్చుల విషయంలో. ఎండాకాలం మా వైపు ఇప్పపువ్వు ఏరడానికి చెట్ల కింద ఎండుటాకులు తగలబెడతారు. తునికి చిగురు బాగా రావాలని కూడా నిప్పు పెడతారు. అది అదుపు తప్పితే లేత మొక్కలన్నీ మాడిపోతాయి, మళ్లీ అడవి లేవడం కష్టం. వీర్స్ అనే ఉపగ్రహ సెన్సర్ సుమారు 375 మీటర్ల గడుల్లో వేడిని పసిగడుతుంది. ఆ సమాచారంతో ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా అటవీ సిబ్బంది ఫోన్లకు అలర్ట్ పంపుతుంది. పేరు నమోదు చేసుకుంటే మామూలు జనానికీ వస్తుంది. అడవి పక్క ఊళ్ల యువకులు తప్పకుండా నమోదు చేసుకోవాలి. ఒక ఇబ్బంది ఉంది: ఉపగ్రహం ఆ చోటు మీదుగా వెళ్లినప్పుడే చూస్తుంది, దట్టమైన మబ్బు పడితే అదీ లేదు.

చెట్ల నరికివేత, పోడు విస్తరణ గమనించడానికి సెంటినెల్-2 అనే ఉపగ్రహాల చిత్రాలు ఉచితం. 10 మీటర్ల స్పష్టతతో, దాదాపు 5 రోజులకోసారి వస్తాయి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి–మేడారం అడవిలో గాలికి వేల చెట్లు కూలినట్టు పెద్ద నష్టమైతే వాటిలో తేలిగ్గా తెలుస్తుంది. ఒకటి రెండు టేకు చెట్లు మాయమైతే కనపడదు. దానికి బీట్ ఆఫీసర్ కాలినడకన తిరగాల్సిందే. పులుల అభయారణ్యాల కోసం తయారైన ఎం-స్ట్రైప్స్ యాప్ ఆ గస్తీ దారిని జీపీఎస్‌తో నమోదు చేస్తుంది కాబట్టి, ఎవరూ వెళ్లని మూలలు ఏవో పై అధికారులకు తెలుస్తాయి.