తనని ఆడ అని గానీ మగ అని గానీ అనుకోని (నాన్‌బైనరీ) మనిషి గురించి తెలుగులో ఎలా మాట్లాడాలి?

‘తను’ లేదా ‘వారు’ అని, క్రియ చివర ‘-రు’ చేరిస్తే చాలు; కొత్త మాట పుట్టించక్కర్లేదు.

మన భాషలో ఆడ, మగ తేడా క్రియలో బయటపడేది నేనూ నువ్వూ కాని మూడో మనిషి ఒక్కరి గురించి చెప్పినప్పుడే: వచ్చాడు, వచ్చింది. ‘నేను వచ్చాను’, ‘నువ్వు వచ్చావు’ అంటే తేడా లేదు. అందుకే తన గురించి తాను చెప్పుకునే మనిషికి, హిందీలోలా అడుగడుగునా ఆడో మగో తేల్చుకోవలసిన అవస్థ ఇక్కడ లేదు. ‘తను రాలేదు’, ‘తనకి తెలుసు’, ‘తను వెళ్లాలి’, వీటిలోనూ లింగం లేదు. ఇంత వెసులుబాటు ఉండి వాడకపోవడం ఆ మనిషికి అన్యాయమే.

విజయనగరం నుంచి అలాంటి ఒకరు శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బస్సు దిగారనుకోండి. ‘మా నేస్తం వచ్చీసారు, తనకీ టీ చెప్పండి’ అంటే సరిపోతుంది. స్నేహితుడు, స్నేహితురాలు రెండూ అక్కర్లేకుండా ‘నేస్తం’ ఉండనే ఉంది. అన్న, అక్క లాంటి వరసల దగ్గర మాత్రం చిక్కే. ఏమని పిలవాలో వారినే అడగండి, లేదా పేరుకి ‘గారు’ చేర్చండి.

‘అది’ ఎటూ చెందదు కదా, అదే సరైనదని చాలామంది అనుకుంటారు. కాదు. అది వస్తువులకీ జంతువులకీ వాడే మాట, మనిషిని అంటే కించపరచడమే. పైగా దానితో వచ్చే ‘వచ్చింది’ ఆడవాళ్లకి వాడే రూపమే. ‘వారు’ పెద్దవాళ్లకే అనడమూ పొరపాటే. చిన్నవాళ్లనీ మన్నించి అలా అనొచ్చు.